రెండు తూటాల తుపాకి: దగ్గరి పోరులో వేగం ఎక్కడ ఉంటుంది?



కోణీయ వేగం అనే మాట మీరు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. తిరిగే చక్రం, దారానికి కట్టి తిప్పే రాయి, సూర్యుని చుట్టూ తిరిగే గ్రహం. పుస్తకాల్లో ఉదాహరణలు ఎప్పుడూ ఇవే. మీలో చాలామంది సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఆడే ఆటల్లోనూ ఇదే భావన ప్రతి క్షణం పనిచేస్తుంది. ఈ పాఠంలో అలాంటి ఒక ఆటను, అందులోని ఒక విచిత్రమైన ఆయుధాన్ని తీసుకుని, దానిపై పట్టు సాధించడం అంటే నిజానికి ఏమిటో పరిశీలిద్దాం.

ఆట పేరు టీమ్ ఫోర్ట్రెస్ 2. అమెరికాలోని వాల్వ్ సంస్థ దీనిని 2007 అక్టోబరులో విడుదల చేసింది. 2011 జూన్ నుంచి ఇది ఉచితం. రెండు జట్లు తలపడతాయి. ప్రతి ఆటగాడు తొమ్మిది రకాల పాత్రలలో ఒకదాన్ని ఎంచుకుంటాడు. బొమ్మల సినిమాలా కనిపించినా, రక్తపాతం కారణంగా అమెరికాలో దీనికి 17 ఏళ్లు పైబడినవారి శ్రేణి ఇచ్చారు. పాఠశాల విద్యార్థులు ఈ సంగతి గమనించాలి. లెక్కలు అర్థం కావడానికి మాత్రం ఆట ఆడనవసరం లేదు.

మన పాత్ర స్కౌట్. ఆటలో అందరికంటే వేగంగా పరుగెత్తేవాడు. దూరాన్ని ఆటలో యూనిట్లలో కొలుస్తారు. ఒక పాత్ర ఎత్తు సుమారు 80 యూనిట్లు అనుకోండి. మామూలు పాత్రలు సెకనుకు 300 యూనిట్లు పరుగెత్తితే స్కౌట్ 400 యూనిట్లు పరుగెత్తుతాడు. భారీకాయుడైన హెవీ 230 మాత్రమే. ఈ వేగానికి మూల్యం ఉంది. స్కౌట్ హెల్త్ 125 పాయింట్లు, హెవీది 300. గాలిలో ఉండగా రెండోసారి ఎగరగలగడం స్కౌట్‌కు ఉన్న మరో వరం.

స్కౌట్ చేతిలో సాధారణంగా ఉండే తుపాకి స్కాటర్‌గన్. దానికి బదులుగా 2009 ఫిబ్రవరిలో వచ్చిన ఆయుధమే ఫోర్స్-ఎ-నేచర్. చూడటానికి పొట్టి రెండు గొట్టాల తుపాకి. ఆరు తూటాల స్థానంలో రెండే తూటాలు. కానీ ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య కాలం 0.625 సెకను నుంచి సరిగ్గా సగానికి, అంటే 0.3125 సెకనుకు తగ్గింది. ఒక్కో తూటాలో 12 గుండ్లు. దీనికి మరో గుణం ఉంది: దగ్గరగా తగిలితే ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టేస్తుంది. గాలిలో ఉండి పేలిస్తే పేల్చినవాణ్ణి కూడా నెడుతుంది.

ఈ తుపాకి చేతికి రాగానే దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. పరుగున వెళ్లి, మౌస్ బొత్తాన్ని నొక్కిపట్టి, రెండు తూటాలూ ఒకేసారి వదిలేస్తారు. తర్వాత ఖాళీ తుపాకితో నిలబడి చనిపోతారు. చనిపోయాక "నా చెయ్యి అంత ఫాస్ట్ కాదు" అంటారు. ఈ నిర్ధారణ తప్పని నా అభిప్రాయం. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ముందుగా దూరం సంగతి. తుపాకి నుంచి వెలువడిన గుండ్లు శంకువు ఆకారంలో విస్తరిస్తాయి. దూరం రెట్టింపైతే అవి పరచుకునే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అదే విలోమ వర్గ నియమం. కాబట్టి దూరం పెరిగేకొద్దీ లక్ష్యానికి తగిలే గుండ్ల సంఖ్య వేగంగా పడిపోతుంది. ఇది చాలదన్నట్టు, ఒక్కో గుండు బలాన్ని కూడా ఆట దూరంతో పాటు తగ్గిస్తుంది. 512 యూనిట్ల దూరంలో ఒక్కో గుండు దెబ్బ 5.4 పాయింట్లు. మీద పడేంత దగ్గరలో అది 75 శాతం పెరిగి 9.45 అవుతుంది. 1024 యూనిట్లు దాటితే సగానికి కాస్త పైన, 2.85 పాయింట్ల దగ్గర ఆగుతుంది. పన్నెండు గుండ్లూ తగిలాయనుకుంటే మీద నుంచి 113, మధ్య దూరంలో 65, దూరం నుంచి 34. కానీ దూరంలో పన్నెండూ తగలవు కదా! రెండు తగ్గుదలలు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. అందుకే ఈ తుపాకి దూరంలో బలహీనం అనడం కంటే, దూరంలో లేనట్టే అనడం సరైనది.

113 అనే సంఖ్యను గుర్తుంచుకోండి. స్నైపర్, ఇంజనీర్, స్పై, ఎదుటి స్కౌట్, ఈ నలుగురి హెల్త్ 125. మొదటి దెబ్బ సంపూర్ణంగా తగిలినా 12 పాయింట్లు మిగిలిపోతాయి. ఈ 12 కోసం చాలామంది రెండో తూటా ఖర్చుపెడతారు. స్కౌట్ నడుముకు పిస్టల్ ఉంది, దగ్గరలో దాని ఒక్క గుండు 22 పాయింట్లు. చేతిలో బేస్‌బాల్ బ్యాటు ఉంది, దాని దెబ్బ 35. దగ్గరలో ఉన్నప్పుడు వీటిలో ఏదైనా సరిపోతుంది. రెండో తూటా మిగులుతుంది. 150 హెల్త్ ఉన్న మెడిక్, 175 ఉన్న పైరో, డెమోమ్యాన్, 200 ఉన్న సోల్జర్ విషయంలో మాత్రం రెండూ కావాలి. సంపూర్ణంగా తగిలితే రెండింటికీ కలిపి 226 పాయింట్లు. హెవీతో నేరుగా తలపడితే లెక్క కుదరనే కుదరదు.

అంటే ఎదుటివాడు ఎవరో గుర్తించిన క్షణంలోనే ఎన్ని తూటాలో తేలిపోవాలి. ఆట చిత్రకారులు ప్రతి పాత్రకూ నీడను బట్టే గుర్తుపట్టగల ఆకారం ఇచ్చారు. ఆ సంగతిని 2007లో ఒక పరిశోధన పత్రంలో కూడా వివరించారు. బొద్దుగా కనిపించేవాడు హెవీ, పొడవాటి కోటువాడు మెడిక్. ఆ ఆకారాల వెనుక ఉన్న సంఖ్యలు మీకు నోటికి వచ్చి ఉండాలి.

ఇప్పుడు కాలం సంగతి. కంటికి ఒక వెలుగు కనబడగానే బొత్తాం నొక్కమంటే ఆరోగ్యవంతుడైన యువకుడికి దాదాపు 0.2 నుంచి 0.25 సెకను పడుతుంది. శబ్దానికైతే ఇంకాస్త తక్కువ. ఎంత సాధన చేసినా ఇది కొద్దిగానే తగ్గుతుంది. నరాల్లో సంకేతం ప్రయాణించాలి, మెదడు నిర్ణయించాలి, కండరం కదలాలి. మీ మొదటి తూటా శబ్దం వినగానే ప్రత్యర్థికి రెండో తూటా దాకా ఉన్న వ్యవధి 0.31 సెకను. అందులో అధికభాగం స్పందనకే పోతుంది. మిగిలిన కాస్త సమయంలో అతడు మౌస్ తిప్పి మిమ్మల్ని గురిచూడాలి. గురి పెట్టడానికి పట్టే కాలం, జరగాల్సిన దూరాన్ని బట్టి, లక్ష్యం పరిమాణాన్ని బట్టి మారుతుందని 1954లో పాల్ ఫిట్స్ చూపాడు. లక్ష్యం ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే అంత ఎక్కువ సమయం. మీరు అతని ఎదురుగా ఉంటే మౌస్ ఒక్క పిసరు కదిపితే చాలు. వెనుక ఉంటే అర్ధవృత్తం తిరగాలి. ఆ 0.31 సెకనులో అది అయ్యే పని కాదు.

బాగుంది. అయితే ఈ లెక్క మీకూ వర్తిస్తుందని చాలామంది మరచిపోతారు. మొదటి తూటా తగిలిందా లేదా, ఎదుటివాడు ఎటు నెట్టబడ్డాడు అన్నది మీ కంటికి కనబడి, మీ చెయ్యి సరిదిద్దుకునేలోపు రెండో తూటా వెళ్లిపోతుంది. బొత్తాం నొక్కిపట్టినవాడు రెండో తూటాను దాదాపు గుడ్డిగా పేల్చినట్టే. ఈ తుపాకి అతివేగం దాన్ని పట్టుకున్నవాడి స్పందనకాలాన్ని కూడా మించిపోయింది!

పైగా మొదటి దెబ్బ ఎదుటివాణ్ణి వెనక్కి నెడుతుంది. రెండో తూటా పేలేసరికి దూరం పెరిగి ఉంటుంది. దూరం పెరిగితే ఏమవుతుందో పైన చూశాం. 226 అనుకున్నది కాగితం మీదే ఉంటుంది. ఆయుధంలోని రెండు మంచి గుణాలు, వేగమూ నెట్టుడూ, ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయన్నమాట. ఈ చిక్కు విప్పుకోవడమే ఈ తుపాకిపై పట్టు సాధించడం.

దీనికి రెండు మార్గాలు. మొదటిది స్థలం. ప్రత్యర్థి వీపు గోడకు ఆనుకుని ఉన్నప్పుడు పేలిస్తే అతడు వెనక్కి పోవడానికి చోటు ఉండదు. దూరం అలాగే ఉంటుంది, రెండో దెబ్బా నిండుగా తగులుతుంది. ఇరుకు నడవలు, గది మూలలు ఇందుకు అనువైనవి. అప్‌వర్డ్ వంటి మైదానంలో లోయ అంచున నిలబడినవాడి విషయంలో నెట్టుడే ప్రధాన ఆయుధం, దెబ్బ రెండో విషయం. రెండో మార్గం ఓపిక. 0.3125 సెకను అనేది కనీస వ్యవధి మాత్రమే, తప్పనిసరి వ్యవధి కాదు. మొదటి తూటా పేల్చాక మరో పావు సెకను ఆగి, ఎదుటివాడు ఎక్కడ పడ్డాడో చూసి, అటువైపు రెండు అడుగులు వేసి అప్పుడు పేల్చవచ్చు. తుపాకి వేగంగా ఉన్నంత మాత్రాన మీరూ ప్రతిసారీ అంత వేగంగా ఉండాలని ఏమీ లేదు.

ఆ ఆగిన పావు సెకనులో చనిపోమా అని మీరు అడగవచ్చు. ఇక్కడే కోణీయ వేగం వస్తుంది. ఒకడు నిలబడి ఉండగా మీరు అతని చుట్టూ వ్యాసార్థం 150 యూనిట్లుగా, సెకనుకు 400 యూనిట్ల వేగంతో తిరుగుతున్నారనుకోండి. కోణీయ వేగం 400ను 150తో భాగిస్తే వచ్చే 2.67 రేడియన్లు, అంటే సెకనుకు సుమారు 153 డిగ్రీలు. అదే 1000 యూనిట్ల దూరంలో పరుగెడితే 23 డిగ్రీలే. అదే కాళ్లు, అదే వేగం. కానీ దగ్గరలో మిమ్మల్ని గురిలో ఉంచుకోవడానికి అతడు ఆరు రెట్లకు పైగా వేగంగా తిరగాలి. అయితే మీరూ అతణ్ణి గురిలో ఉంచుకోవడానికి అంతే వేగంగా తిరగాలి కదా? నిజమే. తేడా ఒక్కటే: దిశ ఎప్పుడు మార్చాలో మీకు ముందే తెలుసు, అతనికి మీరు మార్చాక తెలుస్తుంది. అతడు స్పందించే 0.25 సెకనులో మీరు 100 యూనిట్లు జరిగి ఉంటారు. అది ఒక పాత్ర వెడల్పుకు దాదాపు రెండింతలు.

అతని సందేహాన్ని ఇంకా పెంచవచ్చు. ఎంచుకోవలసిన అవకాశాలు పెరిగేకొద్దీ స్పందనకాలం లాగరిథమ్ ప్రకారం పెరుగుతుందని 1952లో విలియం హిక్ కనుగొన్నాడు. మీరు ఎప్పుడూ ఎడమకూ కుడికీ మాత్రమే ఊగుతుంటే అతని ముందు ఉన్నవి రెండే అవకాశాలు. దానికి ఎగరడం, గాలిలో రెండోసారి ఎగిరి దిశ మార్చుకోవడం, అసలు కదలకుండా ఒక్క క్షణం ఆగిపోవడం చేరిస్తే ఆరో ఎనిమిదో అవుతాయి. రెండు నుంచి ఎనిమిదికి పెరగడం అంటే సమాచార శాస్త్రం భాషలో ఒక బిట్ నుంచి మూడు బిట్లు. మీ పక్షాన మాత్రం ఇందుకు విరుద్ధంగా అవకాశాలను ముందే తగ్గించుకోవాలి. లోపలికి అడుగుపెట్టే ముందే ఎవరిని కొట్టాలి, ఎన్ని తూటాలు, ఏ తలుపు గుండా బయటపడాలి అన్నవి మూడూ తేలిపోయి ఉండాలి.

కబడ్డీ తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కూతకు వెళ్లినవాడు ఎదుటి గడిలో ఎంత చురుకుగా తిరిగాడన్నది లెక్కలోకి రాదు. ముట్టుకుని మధ్య గీత దాటి తిరిగి వచ్చాడా లేదా అన్నదే లెక్క. ముట్టుకున్న క్షణం నుంచి అతని చూపు గీత మీదే ఉంటుంది. ఫోర్స్-ఎ-నేచర్ కూడా అచ్చంగా కూతకు వెళ్లేవాడి ఆయుధం. రెండు తూటాలు అయ్యాక మళ్లీ నింపుకోవడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ సమయంలో మీరు గోడ చాటున ఉండాలి. ఈ నింపుకునే కాలాన్ని కలిపి సగటు తీస్తే దీని గరిష్ఠ దెబ్బ సెకనుకు 120 ప్రాంతంలో ఉంటుంది. నెమ్మదైనదని మనం అనుకున్న స్కాటర్‌గన్‌ది, దాని ఆరు తూటాలూ పేలుతున్నంత సేపూ, 168. వేగమైన తుపాకి కాసేపటికే వెనుకబడుతోంది. ఎక్కువసేపు నిలబడి పోరాడాలంటే స్కాటర్‌గనే మేలు. మరో చిక్కు: ఒక్క తూటా పేల్చి రీలోడ్ చేస్తే మిగిలిన తూటా వృథా అవుతుంది. తుపాకి తనంతట తానే రీలోడ్ అయ్యే సదుపాయాన్ని పెట్టుకున్నవారు ఈ నష్టాన్ని గమనించుకోవాలి.

తిరుగు ప్రయాణానికి తుపాకే సాయం చేస్తుంది. గాలిలోకి ఎగిరి ప్రత్యర్థి వైపు తిరిగి రెండో తూటా పేలిస్తే అతడు అటు, మీరు ఇటు నెట్టబడతారు. కిందికి గురిపెట్టి పేలిస్తే మూడో గెంతులా పైకి లేస్తారు. ఇది న్యూటన్ మూడో నియమమే కదా అని మీరు అనవచ్చు. నియమం అదే, పరిమాణం మాత్రం కల్పన. నిజమైన పన్నెండు బోరు తుపాకి తూటాలో సుమారు 32 గ్రాముల సీసం సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో వెళుతుంది. ద్రవ్యవేగం 12.8 కిలోగ్రామ్-మీటర్లు పర్ సెకను. 70 కిలోల మనిషికి దాన్ని పంచితే వచ్చే వేగం సెకనుకు 18 సెంటీమీటర్లు. మందు వాయువుల వాటా కలిపినా పెద్ద తేడా రాదు. అర మీటరు ఎత్తు ఎగరాలంటే సెకనుకు 3 మీటర్ల పైచిలుకు వేగం కావాలి. సినిమాల్లో తుపాకి దెబ్బకు మనిషి పది అడుగులు ఎగిరిపడే దృశ్యాలను కూడా ఈ లెక్కతోనే తూచుకోండి.

జట్టు ఆటలో ఈ నెట్టుడుకు మరో ముఖం ఉంది. మీ పక్షం సోల్జర్ వదిలిన రాకెట్ సెకనుకు 1100 యూనిట్ల వేగంతో వెళుతుంది. 550 యూనిట్ల దూరంలో ఉన్న శత్రువును చేరడానికి అర సెకను. అతడు ఎక్కడ ఉంటాడో అంచనా వేసి మీ సహచరుడు రాకెట్ వదిలాడు. ఈలోపు మీరు ఆ శత్రువును పక్కకు నెట్టేశారు. రాకెట్ ఖాళీ నేలను తాకింది. మీ దృష్టిలో మీరు ఒక దెబ్బ కొట్టారు. జట్టు దృష్టిలో ఒక శత్రువును కాపాడారు. అందుకే ఈ తుపాకి పట్టినవాడు జట్టు అంతా గురిపెట్టిన గుంపులోకి దూరకూడదు. ఒంటరిగా వెనుక నడిచే మెడిక్, దూరాన దుర్భిణి పెట్టుకుని నిలబడ్డ స్నైపర్ ఇతని వాటా.

మన దేశంలో ఆడేవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది నెట్‌వర్క్ ఆలస్యం. హైదరాబాదు నుంచి సింగపూరు సర్వర్‌కు సూటిగా కొలిస్తే సుమారు 3300 కిలోమీటర్లు. గాజు తంతువులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పోయి రావడానికి కనీసం 33 మిల్లీసెకన్లు. నిజమైన తీగల దారి ఇంతకంటే పొడవు, మధ్యలో యంత్రాలూ ఉంటాయి కాబట్టి ఆలస్యం ఇంకా ఎక్కువే. ఆలస్యం 100 మిల్లీసెకన్లు ఉంటే ఆ వ్యవధిలో స్కౌట్ 40 యూనిట్లు జరిగిపోతాడు. దీనిని సరిదిద్దడానికి, మీరు పేల్చిన క్షణంలో మీ తెర మీద ఎవరు ఎక్కడ కనిపించారో సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి చూస్తుంది. మీ దెబ్బ న్యాయంగానే లెక్కకు వస్తుంది. అయితే ఎదుటివాడికీ అదే న్యాయం. మీరు గోడ చాటుకు చేరాక కూడా చనిపోవడానికి కారణం ఇదే. మోసం అని కేకలు వేయనవసరం లేదు. ఆలస్యం ఎక్కువగా ఉన్న రోజున కాస్త ముందుగానే వెనుదిరగాలి.

ఇక సాధన. గంటల తరబడి ఆడితే నైపుణ్యం దానంతట అదే వస్తుందన్నది సగం నిజం. ఆండర్స్ ఎరిక్సన్ తన సహచరులతో కలిసి బెర్లిన్ వయొలిన్ విద్యార్థులపై 1993లో ప్రచురించిన అధ్యయనం, ఒక నిర్దిష్ట లోపాన్ని ఎంచుకుని సరిదిద్దుకునే సాధనకు ప్రాముఖ్యం ఇచ్చింది. ఇలాంటి ఆటలు ఆడేవారికి చూపులో ఏకాగ్రత పెరుగుతుందని గ్రీన్, బవెలియర్ 2003లో నేచర్ పత్రికలో రాశారు. ఆ లాభం చదువుకూ ఇతర పనులకూ ఎంతవరకు పాకుతుందన్న దానిపై శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. కాబట్టి "ఆడితే మెదడు పెరుగుతుంది" అని ఇంట్లో వాదించేముందు ఆలోచించండి. నా సలహా అడిగితే, ఒక పూట ఒకే విషయం. ఒకరోజు రెండో తూటాను ఆపి పేల్చడం. ఒకరోజు గోడను వెతికి ప్రత్యర్థిని అటు తోలడం. ఒకరోజు ఎంతమందిని కొట్టానన్నది వదిలేసి, ఎన్నిసార్లు ప్రాణాలతో వెనక్కి వచ్చానన్నది మాత్రమే కాగితం మీద రాసుకోవడం. అరగంట చాలు. ఆ తర్వాత చేతులు అలసి పాత అలవాటే మళ్లీ పాతుకుంటుంది.

దూరాన్ని కంటితో అంచనా వేయడం అన్నిటికంటే ముందు నేర్వవలసినది. అదృష్టవశాత్తూ దీనికి కొలబద్ద తెర మీదే ఉంది. ఆటలో చూపు వెడల్పును 90కి పెట్టుకుంటే, తెర సగం ఎత్తుకు సంబంధించిన టాంజెంట్ విలువ 0.75. ప్రత్యర్థి తెర ఎత్తులో ఎంత భాగం ఆక్రమిస్తాడో తెలియాలంటే అతని ఎత్తు 80ని, దూరానికి రెండింతలను 0.75తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. దూరం 150 అయితే 0.36, అంటే తెరలో మూడో వంతుకు కాస్త పైన. దూరం 512 అయితే పదో వంతు. మనిషి బొమ్మ తెరలో మూడో వంతు నిండేదాకా వేలు బొత్తాం మీద పడకూడదు. చూపు వెడల్పు 75గా ఉంచుకున్నవారికి 0.75 స్థానంలో 0.58 వస్తుంది. వారికి 150 యూనిట్ల దూరంలో ప్రత్యర్థి ఎంత ఎత్తుగా కనిపిస్తాడో, 300 యూనిట్ల దూరంలో ఎంతకు తగ్గుతాడో లెక్కగట్టి, ఆ రెండు ఎత్తులనూ ఒక కాగితపు పట్టీ మీద గీసి మీ తెర అంచున అంటించుకోండి.